ఎడమ పక్క నాలుగు వేళ్లు

ఇమాం హుస్సేన్ కారు ముందు గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. ఎడమ పక్క బంపరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు. కుడి పక్క కొస మాత్రం మడ్‌గార్డును ఆనుకునే ఉంది, కాగితం దూరితే గొప్ప. డెబ్బై రెండు నాటి తెల్ల అంబాసిడర్, పక్షవాతం వచ్చిన మనిషిలా మూతి ఒక పక్కకి లాక్కుపోయి నిలబడింది.

"గేటుకి తగిలిందయ్యా," అన్నాడు వెనక నిలబడ్డ బాపయ్య. "అటో దెబ్బా ఇటో దెబ్బా వేసి సర్దెయ్. సాయంత్రానికి తీసుకుపోతా."

"ఏ గేటుకండీ?"

"మా ఇంటి గేటే. అమ్మాయి తిప్పుతా తగిలించింది. దాన్నేమీ అడగబోకు, బాధపడుద్ది."

ఇమాం హుస్సేన్ బంపరు మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు. ఆ బండి మీద ఇరవై ఏళ్లుగా సుత్తి పడిందంటే అది తన సుత్తే. బాపయ్య గేటు కూడా తనకు తెలుసు. నీలం రంగు ఇనప గేటు, ఏడాది కిందటే రంగేశారు. అంత పెద్ద దెబ్బ తగిలితే నికెల్ పూత మీద ఎక్కడో ఒకచోట నీలం మరక పడాలి. లేదు.

"కళ్లకి ఆపరేషనయి నెల కాలేదు గదండీ. బండి మీరే తోలుకొచ్చారా?"

బాపయ్య నల్లద్దాలు సర్దుకున్నాడు. "అమ్మాయి బడికి పోయింది. సర్వీసు రోడ్డేగా, మెల్లిగా వచ్చా. నీకు ఇన్ని ప్రశ్నలెందుకయ్యా?"

ఆ మాటలో కోపం కన్నా కంగారు ఎక్కువుంది. బాపయ్య మనిషి కంగారుపడే రకం కాదు. మిరప ధర సగానికి పడిపోయిన ఏడు కూడా ఇదే షెడ్డులో, ఇదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పక్క గ్రానైటు పాలిషింగు యూనిట్లో రాయి కోసే రంపం మోతను మించి నవ్విన మనిషి. ఇప్పుడు కూర్చోమన్నా కూర్చోలేదు.

"బోల్టులన్నీ తుప్పు పట్టున్నాయి. డీజిలు పోసి ఒక పూటన్నా నాననివ్వాలి. బలవంతంగా తిప్పితే తెగుతాయి. రేపు చూద్దాం," అన్నాడు ఇమాం హుస్సేన్.

"రేపా?" బాపయ్య కారువంక చూశాడు, రోడ్డువంక చూశాడు. "సరే. కాస్త లోపలికి పెట్టు బండిని. ఎండ తగులుద్ది."

మాఘమాసపు ఎండ. పైగా బండి అప్పటికే రేకుల నీడలో ఉంది. ఆయన ఆటో ఎక్కి వెళ్లిపోయాక ఇమాం హుస్సేన్ నాలుగు బోల్టులకూ డీజిలు పోసి, ఇంకో పనిలో పడ్డాడు. కానీ మధ్యమధ్యలో తలెత్తి ఆ తెల్లబండిని చూస్తూనే ఉన్నాడు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర పదిమంది మూగి ఉన్నారు. మధ్యలో అంజి, అసలు పేరు వీరాంజనేయులు, మిరప కోతలకు కూలీ ఆడవాళ్లను ఆటోలో చేలకు చేరవేసేవాడు. వాడి చొక్కా నిండా ఎండిన నెత్తురు. ఎవరో టీ గ్లాసు చేతికిస్తే తాగకుండా బల్లమీద పెట్టాడు.

"పొద్దున కూలోళ్ల ముఠాని ఎక్కించుకుందామని పోతన్నా. ఒకటే మంచు. రోడ్డు పక్కన పత్తి కట్టెలో రెండు కాళ్లు కనపడ్డాయి. దిగి చూస్తే మన ఊరి పున్నమ్మత్త. కాలు నుజ్జునుజ్జు. నేనూ ఇంకో ఇద్దరూ మోసి ఆటోలో ఏసుకుని గుంటూరు పరిగెత్తించా. ఇప్పుడే వచ్చా."

"దేవుడిలా పోయావురా," అన్నాడొకాయన. "గుద్దినోడు చూశావా?"

అంజి గ్లాసు పక్కకి జరిపాడు. "ఒక తెల్లకారు ఎదురొచ్చింది. పాతకాలం బండి, గుండ్రటి మూతిది. రయ్యిన పోయింది."

ఇమాం హుస్సేన్ చేతిలో టీ అలాగే ఉండిపోయింది. రయ్యిన అన్న మాట దగ్గర మనసు కాస్త తటపటాయించింది. బాపయ్య బండి నలభై దాటితే దడదడలాడుతుంది. కానీ ఈ చుట్టుపక్కల పాతకాలపు తెల్లకారు ఇంకొకటి లేదు. అది తన షెడ్డులో ఉంది. గేటుకి తగలని బంపరుతో ఉంది.

ఇంటికెళ్లి భార్య మదార్‌బీకి చెప్పాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపకుండానే విన్నది.

"మీరు దానిమీద సుత్తి వెయ్యబోకండి," అన్నది చివరికి.

"ఆయనట్టాంటి మనిషి కాదు మదారూ. గుద్ది పారిపోయేవాడు కాదు."

"కావచ్చు. రేపు మీరు బంపరు సక్కగా చేసి పెట్టాక పోలీసులొస్తే? గుద్దింది రైతు, గుర్తులు చెరిపింది సాయిబు. ముందు ఎవర్ని కూర్చోబెడతారు?"

ఇమాం హుస్సేన్ అన్నం సగం తిని చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లారి షెడ్డు తీస్తూనే చేతిదీపం పట్టుకుని కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. బంపరును రెండు ఇనప బద్దీలు పట్టుకుని ఉంటాయి, చెరో పక్కా ఒకటి. ఎడమ బద్దీ బంపరును కలిసే చోట, బోల్టు తల వెనకాల, ఏదో పచ్చగా కనపడింది. చిటికెన వేలు పెట్టి లాగితే నాలుగైదు పోగులు ఊడొచ్చాయి. ఇంకా కొన్ని సందులో బిగుసుకుని రాలేదు. చిలకపచ్చ పోగులు.

పున్నమ్మ ఏ చీర కట్టుకుందో తనకు తెలియదు. కానీ ఆ పోగుల్ని పిడికిట్లో బిగించాడు. కారు కింద నుంచి జరిగి బయటికొచ్చేసరికి ఎదురుగా రెండు చెప్పుల కాళ్లు.

"ఇంకా మొదలెట్టలేదేందయ్యా?" బాపయ్య. నల్లద్దాల కింద నుంచి నీరు కారుతుంటే కండువాతో ఒత్తుకుంటున్నాడు. రాత్రి నిద్రపోయిన మొహం కాదు.

"మొదలెడతానండీ." ఇమాం హుస్సేన్ పచ్చపోగులున్న పిడికిలి విప్పలేదు. "బాపయ్యగారూ, ఇది నిజంగా గేటేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అమ్మాయి..."

"నేనేంటి నాన్నా?"

శ్రీరమ్య స్కూటీ దిగి హెల్మెట్ తీస్తోంది. పక్క ఊరి బడిలో టీచరు, బడికి పోతూ దారిలో ఆగింది. "కారు కొట్టంలో లేదేమని వెతుక్కుంటున్నా. తాళం నేను బీరువాలో దాచాను గదా, ఎట్టా తీశావు? ఆర్నెల్లు ముట్టుకోనని డాక్టరు ముందు ఒట్టేశావా లేదా?"

"అమ్మా, గేటుకి నువ్వు తగిలించావని నాన్నగారు..." అన్నాడు ఇమాం హుస్సేన్.

"నేనా? నేను ఈ బండిని సంక్రాంతి ముందునుంచి ముట్టుకోలేదండీ."

బాపయ్య ఇద్దరివంకా చూడకుండా కుర్చీలో కూలబడ్డాడు. గ్రానైటు రంపం మోత ఒక్కటే వినపడుతోంది. ఇమాం హుస్సేన్ బయటికి నడిచాడు. టీ కొట్టు దాకా పోయి అక్కణ్ణుంచి ఎస్సైకి ఫోను చేశాడు. ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ తను ఎవరి మీదో నేరం చెప్పడం లేదనీ, తన మీద పడబోయేది పక్కకి నెట్టుకుంటున్నాననీ తనకే తెలుస్తోంది. అయినా చెప్పాడు.

ఎస్సై వచ్చేసరికి షెడ్డు ముందు ఇరవై మంది పోగయ్యారు. అతను ఫొటోలు తీశాడు, పచ్చపోగుల్ని చిన్న కవరులో వేసుకున్నాడు. పున్నమ్మ ఆ పొద్దున ఆకుపచ్చ చీర కట్టుకుందని గుంపులోంచి ఒకామె అన్నది. అందరూ ఒక్కసారి గుర్రుమన్నారు.

బాపయ్య లేచి నిలబడ్డాడు. "ఇంక దాచేదేముంది. బండి నేనే తీశా. మంచు పడతందని, కల్లంలో మిరపకాయ తడుసుద్దేమోనని, అమ్మాయి లేవకముందే పోయి పట్టా కప్పొద్దామని తీశా. దారిలో అంజిగాడి ఆటో రోడ్డు పక్క గుంటలోకి దిగబడి ఉంది. చెయ్యెత్తి ఆపాడు. తాడు కట్టి లాగమన్నాడు. నా ముందు బంపరుకి వాడే కట్టాడు. నేను వెనక్కి తోలా. ఆటో బయటికొచ్చింది, నా బంపరు వంకర్లు పోయింది. అంతే. ఎవర్నీ గుద్దలేదు."

"మొదట గేటన్నారు. తర్వాత అమ్మాయన్నారు. ఇప్పుడు తాడంటున్నారు," అన్నాడు ఎస్సై.

"కారు తీశానని ఇంట్లో తెలుసుద్దని అట్టా అన్నా."

అంజిని పిలిపించారు. వాడు నేరుగా వచ్చి గుంపు మధ్యలో నిలబడ్డాడు. "నన్నా బాబాయ్ లాగింది? నా ఆటో గుంటలో పడితే కూలోళ్లకి తెలీదా? నేను పున్నమ్మత్తని ఎత్తుకుపోయే తొందరలో ఉంటే నన్నే ఇరికిస్తన్నాడు సార్ పెద్దాయన."

"సిగ్గులేకపోతే సరి!" అన్నదొక ముసలమ్మ, బాపయ్య వంక చెయ్యి చాచి. "కాపాడినోడి మీదకి నెట్టడానికి నోరెట్టా వచ్చిందయ్యా?"

బాపయ్య ఇమాం హుస్సేన్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. ఇనుము చూసేవాడివి నువ్వు. లాగితే వంగిందో గుద్దితే వంగిందో నీకు తెలీదా?"

అందరూ తనవంకే చూశారు. ఇమాం హుస్సేన్ బంపరును చూశాడు. కుడి కొస లోపలికి ఆనుకుంది. ఎడమ కొస బయటికొచ్చింది. "కుడి పక్క గట్టిగా తగిలితే ఎడమ పక్క ఇట్టా తన్నుకొస్తుందండీ," అన్నాడు ఎస్సైతో. "త్రాసు మాదిరి. ఒక తట్ట దిగితే ఇంకోటి లేచినట్టు."

తను చెప్పింది అబద్ధం కాదు. అలా కూడా జరుగుతుంది. బాపయ్య కండువా భుజాన వేసుకుని జీపు వైపు నడిచాడు. మెట్టు కనపడక కాలు తడబడితే శ్రీరమ్య చెయ్యి పట్టుకుంది. ఎక్కిస్తూ ఆ అమ్మాయి ఒక్కసారి వెనక్కి తిరిగి ఇమాం హుస్సేన్‌ను చూసింది. తిట్టినా బాగుండేది.

బాపయ్యను ఆ రోజు పొద్దుగూకే దాకా స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టి, మర్నాడు మళ్లీ రమ్మని పంపించారు. కారును కదిలించొద్దనీ, బంపరు ఊడదీసి ఏది ఎలా దెబ్బతిందో చూసి తన దగ్గరికొచ్చి చెప్పమనీ ఎస్సై ఇమాం హుస్సేన్‌కు పురమాయించాడు.

మూడో రోజు పొద్దున్నే పని మొదలెట్టాడు. బోల్టులు బాగా నానాయి. ముందు ఎడమవి తీశాడు. రెండూ మొరాయించాయి, పానాకి పైపు తొడిగి తన బరువంతా వేస్తే కీచుమని కదిలాయి. తర్వాత కుడి పక్కకి పోయాడు. అక్కడ పానా పెట్టబోయి ఆగాడు.

కుడి బద్దీ మీద నల్లరంగు ఉంది. పదేళ్ల కింద తనే బ్రష్షుతో వేసిన రంగు. బోల్టు చుట్టూ వాషరు మీదుగా బద్దీ మీదకి ఒకే పొరగా పారిన రంగు ఎక్కడా చిట్లలేదు. చేతిదీపం దగ్గరగా పెట్టి చూశాడు. గోరుతో గీకాడు. వెంట్రుకవాసి పగులు లేదు.

మెల్లిగా నేల మీద కూర్చున్నాడు. కుడి కొస మీద మనిషిని పడగొట్టేంత దెబ్బ తగిలితే ముందు కదలాల్సింది ఈ బద్దీ. ఇది కదిలితే రంగు పెంకులు పెంకులుగా రాలాలి. రాలలేదంటే కుడి పక్క ఏదీ తగల్లేదు. బంపరు కొస మడ్‌గార్డుకి ఆనుకుందంటే ఎడమ కొసని ఏదో లాగబట్టి.

బంపరంతా ఊడదీసి గోనె పట్టా మీద పడుకోబెట్టాడు. ఎడమ బద్దీని చేతిలోకి తీసుకున్నాడు. అది పాము మెలికలా రెండు వంపులతో ఉండాలి. ఇప్పుడా వంపులు సాగి దాదాపు నిటారయ్యాయి. బోల్టు పట్టే గుండ్రటి బెజ్జం కోడిగుడ్డులా కోలగా అయింది, సాగింది ముందువైపుకే. గుద్దిన ఇనుము ముడుచుకుంటుంది. సాగదు. నిన్న అంతమందిలో తను త్రాసు కథ చెప్పే ముందు ఈ నాలుగు బోల్టులూ విప్పి చూడొచ్చు. విప్పడానికి గంట పట్టింది. ఆ గంట ఆగలేదు.

మదార్‌బీ క్యారేజీ తెచ్చేసరికి ఆయన ఆ బద్దీని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

"ఏమైంది?"

"పోగులు చూడు," అన్నాడు బోల్టు వెనక ఇంకా ఇరుక్కున్న పచ్చదనం చూపిస్తూ. "చీరవేనా?"

మదార్‌బీ చీరాలలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. పెళ్లయ్యేదాకా అచ్చు పోగులు అతికిన చేతులు. ఒక పోగు లాగి రెండు వేళ్ల మధ్య నలిపింది, వెలుగుకి పెట్టి చూసింది, గోటితో చీల్చింది. అది సన్నటి పట్టీలుగా చీలింది.

"ఇది నేత పోగే కాదు. నూలూ కాదు, పట్టూ కాదు, ఆ నైలాను చీరలదీ కాదు. పేడులా చీలిందంటే ప్లాస్టిక్కు తాడు. బట్టలారేస్తామే, ఆ రకం." ఆమె ఆయన మొహం చూసి క్యారేజీ కింద పెట్టింది. "నా మాట విని ఫోను చేశారు మీరు."

"నీ మాట విని కాదు. నా భయం విని."

అన్నం ముట్టకుండా సైకిలు తీశాడు.

అంజి ఆటో వాళ్ల ఇంటి ముందు ఉంది. ఇమాం హుస్సేన్ ముందుకి పోలేదు, తిన్నగా వెనక్కి పోయి వంగాడు. వెనక అడ్డంగా ఉండే ఇనప పైపు మధ్యలో విల్లులా సాగి ఉంది. వెల్డింగు చిట్లిన చోట ఇనుము ఇంకా తెల్లగా మెరుస్తోంది. ఆ చిట్లులో పచ్చటి తాడు పేడు.

"ఏం చూస్తన్నావు ఇమాం అన్నా?"

గుమ్మంలో అంజి. లోపల ఎవరో పసిపిల్ల ఏడుస్తుంటే తలుపు దగ్గరగా లాగి వచ్చాడు.

"ఈ పైపు ఎప్పుడు సాగింది?"

"పాతదేలే."

"పాతదైతే తుప్పుండేది రా."

అంజి ఆటోకి ఆనుకున్నాడు. "మంచు అన్నా," అన్నాడు. "మనిషి కనపడలా. తగిలాకే తెలిసింది. తిప్పబోతే ఈ పక్క గుంటలోకి దిగబడింది. ఆమె ఆ పక్క కట్టెలోకి పడింది. అన్నా, నేను వదిలేసి పోలేదు గదా. ఆటో బయటపడగానే నేనే ఎత్తుకుపోయా. పోలేదా?"

"నిన్ను గుంటలోంచి లాగినాయన్ని పట్టుకుని..."

"ఆయనకేమవుద్ది? పొలముంది, లాయర్లొస్తారు, బయటపడతాడు. నా బండి లాక్కుపోతే రేపు నేనేం చెయ్యాల?" అంటూ తలుపు వైపు చూశాడు. "నువ్వు మాత్రం? నిన్న అందర్లో తెల్లకారే గుద్దిందన్నావు. ఇప్పుడు కాదంటే నిన్ను నమ్ముతారా?"

"నమ్మకపోతే పోనీ," అన్నాడు ఇమాం హుస్సేన్. సైకిలు మళ్లించాడు.

ముందు టీ కొట్టు దగ్గర ఆగాడు. నిన్న షెడ్డు ముందున్నవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు. "నిన్న నేను చెప్పింది తప్పు. బాపయ్యగారి కారు ఎవర్నీ గుద్దలేదు. విప్పి చూశాను," అన్నాడు గట్టిగా. ఎవరో నవ్వారు. "ఎంతిచ్చాడేంది పెద్దాయన?" అన్నాడొకడు. ఆ మాట మింగుకుని స్టేషన్‌కి పోయాడు. బద్దీ బల్ల మీద పెట్టి, వంపులు ఎలా ఉండాలో ఎలా ఉన్నాయో, రంగు ఎందుకు చిట్లలేదో, పైపులో పేడు ఎక్కడుందో, గుడ్డివాడికి చెప్పినట్టు వేళ్లతో తడిమి తడిమి చెప్పాడు. ఎస్సై రెండుసార్లు అడిగి విని, లేచి టోపీ పెట్టుకున్నాడు.

పోలీసులు వెళ్లేసరికి అంజి ఎక్కడికీ పోలేదట. ఆటో పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడట. ఎదురు చెప్పలేదట.

ఎస్సై అన్నీ చూసుకుని, రాసుకుని, బంపరు బిగించుకోవచ్చని చెప్పేసరికి మరో నాలుగు రోజులు పట్టింది. ఆ రోజు ఇమాం హుస్సేన్ వేరే పని పెట్టుకోలేదు. ఎడమ బద్దీని గ్యాసు మంట కింద ఎర్రగా కాల్చి, ఇనప దిమ్మ మీద పెట్టి, కుడి బద్దీని పక్కన నమూనాగా పెట్టుకుని దెబ్బ దెబ్బకీ పోల్చుకుంటూ వంపు తిప్పాడు. కోల బెజ్జాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ గుండ్రంగా తొలిచాడు. బంపరు కొస కూడా కాస్త మెలిపడింది. నికెల్ పెచ్చులూడకుండా పాత దుప్పటి చుట్టి కొయ్యసుత్తితో మెల్లిగా కొట్టాడు. బిగించాక ఈ చక్రం నుంచి ఆ చక్రానికి దారం లాగి, నేల నుంచి రెండు కొసల ఎత్తూ టేపుతో కొలిచాడు. ఎడమ పక్క రెండు వేళ్లు. కుడి పక్క రెండు వేళ్లు.

మూడు గంటలప్పుడు తండ్రీ కూతుళ్లు స్కూటీ మీద వచ్చారు. శ్రీరమ్య తాళం అందుకుని, ఒక్క మాటయినా లేకుండా కారెక్కి కూర్చుంది. బాపయ్య మాత్రం ముందుకొచ్చి వంగి చూశాడు. చూపు ఆనలేదేమో, చేత్తో తడిమాడు.

"నాది తప్పండీ," అన్నాడు ఇమాం హుస్సేన్. ఈ నాలుగు రోజులూ కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాయి. "అందర్లో మీ మీద అన్నాను. అడిగి, విని, విప్పి చూడాల్సింది."

"అడిగావు గదయ్యా. గేటన్నాను." బాపయ్య బంపరు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "నువ్వన్నది పూర్తిగా తప్పు కాదులే."

ఇమాం హుస్సేన్‌కు అర్థం కాలేదు.

"వాడు తాడు కడుతున్నప్పుడు నేను కారులోనే కూర్చున్నా. అద్దం దించుంది. అవతల కట్టెలోంచి మూలుగు వినపడింది. ఏందిరా అది అన్నా. కుక్క బాబాయ్, ఆటో కింద పడింది అన్నాడు. సరేలే, తొందరగా కట్టు అన్నా."

"మీకు కనపడలేదు గదండీ. మంచు. పైగా మీ కళ్లు..."

"కళ్ల సంగతి కాదయ్యా నేను చెప్పేది." బాపయ్య గొంతు తగ్గింది. "యాభై ఏళ్లు మిరప కల్లాల్లో పడుకున్నా, చుట్టూ కుక్కలు. కుక్క మూలుగు నాకు తెలీదా? అది కుక్క కాదని తెలుసు నాకు. దిగితే ఆలస్యమవుద్ది, అమ్మాయి లేచుద్ది, కారు తీసినట్టు తెలుసుద్ది. అదొక్కటే ఉంది బుర్రలో. వాడు కుక్కంటే కుక్కేననుకుందామని అనుకున్నా. అనుకుని, వెనక్కి తోలుకుంటా పోయా."

పక్క యూనిట్లో రంపం ఆగింది. రాయి మార్చుకుంటున్నట్టున్నారు.

"నిన్న గుంటూరు పోయి చూసొచ్చా. మోకాలి కింద తీసేశారు. కాస్త ముందు తెచ్చుంటే ఏమోనన్నారంట. పున్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నా మూలాన మీమీద ఊరికే నింద పడిందే పెద్దయ్యా అని. ఆమె ఏడుస్తందయ్యా, నా కోసం. నేను అట్టా నిలబడి ఊఁ కొట్టా. రెండు బత్తాయిలు బల్లమీద పెట్టి వచ్చేశా."

ఇమాం హుస్సేన్ ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. మీరు గుద్దలేదుగా అనొచ్చు. అది నిజమే, బద్దీలు రెండూ విప్పి తనే రుజువు చేశాడు. ఆ మాట ఈయనకి ఇప్పుడు ఎందుకూ పనికిరాదు.

"ఇది నాకు చెప్పాల్సిన మాట కాదండీ," అన్నాడు.

"తెలుసు. నోరు రాలేదు. ఒక్కణ్ణే మళ్లీ పోయినా రాదు."

కారులో శ్రీరమ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. అద్దం దించే ఉంది. తాళం తిప్పలేదు. ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో, తల ఇటు తిప్పకుండానే చెయ్యి చాచి అవతలి పక్క తలుపు గడియ తీసింది. బాపయ్య చుట్టూ నడిచి వచ్చి, అంచు తడుముకుని, ఎక్కి కూర్చున్నాడు.

"ఎక్కడికి నాన్నా? ఇంటికా?"

ఆయన అద్దంలోంచి ఇమాం హుస్సేన్ వైపు చూశాడు.

ఇమాం హుస్సేన్ గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు. మసి పూర్తిగా పోలేదు. రేకు తలుపు కిందికి లాగి తాళం వేసి వచ్చి, కారు వెనక తలుపు తీశాడు.

"గుంటూరమ్మా," అన్నాడు బాపయ్య.